డబ్బులొద్దు... ఆట చాలు!

ప్రపంచానికి పాసింగ్ నేర్పిన జట్టది. లక్షన్నర మంది పట్టే స్టేడియం సొంతంగా కట్టుకున్న క్లబ్బు. అయినా 152 ఏళ్లపాటు తన ఆటగాళ్లకు జీతమన్నదే ఇవ్వలేదు. ఇవ్వలేక కాదు, ఇవ్వకూడదని! గ్లాస్గో నగరంలోని క్వీన్స్ పార్క్ ఫుట్‌బాల్ క్లబ్బు కథ ఇది.

ఊళ్లో నలుగురు కుర్రాళ్లు కలిసి యూత్ అసోసియేషన్ పెడితే మొదటి గొడవ పేరు దగ్గరే వస్తుంది. ఒకడు అభిమాన హీరో పేరంటాడు, ఇంకొకడు వీధి పేరంటాడు. చివరికి చేతులెత్తి ఓటేయాల్సిందే. 1867 జులై 9న స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో జరిగిందీ అదే. రాత్రి ఎనిమిదిన్నరైంది. వేసవిలో అక్కడ ఆ వేళకింకా పొద్దుగూకదు. ఎగ్లింటన్ టెర్రస్‌లోని మూడో నంబరు ఇంట్లో కొందరు యువకులు సమావేశమయ్యారు. ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టాలన్న విషయంలో ఎవరికీ పేచీ లేదు. పేరు దగ్గరే వచ్చింది చిక్కంతా. 'సెల్ట్స్' అన్నారు కొందరు. 'నార్తర్న్' అన్నారు ఇంకొందరు. ఉత్తరాన ఉన్న మోరే ప్రాంతం నుంచి వచ్చి నగరంలో స్థిరపడ్డవాళ్లు తమ సొంతగడ్డ గుర్తుగా 'మోరేషైర్' అని పెడదామన్నారు. వాదోపవాదాల తర్వాత, తాము రోజూ ఆడుకునే పార్కు పేరే నెగ్గింది. అదీ ఒకే ఒక్క ఓటు తేడాతో!

ఆ పార్కు పేరు వెనకా ఓ కథుంది. స్కాట్లాండ్ రాణి మేరీ 1568లో తన ఆఖరి యుద్ధం ఓడిపోయింది ఆ పక్కనున్న లాంగ్‌సైడ్ దగ్గరే. ఆమె జ్ఞాపకంగానే దానికి క్వీన్స్ పార్క్ అని పేరుపెట్టారు. అలా ఓడిపోయిన రాణి పేరుతో మొదలైన జట్టు తొమ్మిదేళ్ల దాకా ఎవరి చేతిలోనూ ఓడలేదు.

బంతి మీరూ తెచ్చుకోండి!

క్లబ్బయితే పెట్టారుగానీ ఆడటానికి ఎదుటి జట్టేదీ? అప్పటికి స్కాట్లాండ్‌లో ఫుట్‌బాల్ క్లబ్బులు వేళ్లమీద లెక్కపెట్టేన్ని కూడా లేవు. దాంతో చాలారోజులు తమలో తామే రెండు జట్లుగా విడిపోయి ఆడుకున్నారు. ఏడాది తర్వాత 'థిసిల్' అనే క్లబ్బు దొరికింది. క్వీన్స్ పార్క్ తరఫున రాబర్ట్ గార్డ్‌నర్ వాళ్లకు ఉత్తరం రాశాడు. చెరో ఇరవైమందిమి ఆడదామని, రెండు గంటలు ఆడితే సరిపోతుందని, మా బంతి పాడైపోతే అక్కరకొస్తుంది కాబట్టి మీ బంతి కూడా వెంట తెచ్చుకోండని దాని సారాంశం. 1868 ఆగస్టు 1న జరిగిన ఆ మ్యాచ్‌లో క్వీన్స్ పార్క్ రెండు గోల్స్ తేడాతో గెలిచింది.

వీళ్లలో జమీందార్ల బిడ్డలెవరూ లేరు. అలాగని రెక్కాడితేగానీ డొక్కాడని కూలీలూ కాదు. ఆఫీసుల్లో, దుకాణాల్లో పనిచేసుకునే మధ్యతరగతి యువకులే ఎక్కువ. వైఎంసీఏకి వచ్చిపోయేవాళ్లూ ఉన్నారు. ఆడినందుకు డబ్బు పుచ్చుకోవడం సంగతి అటుంచి, ఆడటానికే చందా కట్టేవాళ్లు! అధ్యక్షుడు, కార్యదర్శి, కమిటీ... అన్నీ సభ్యులు ఎన్నుకున్నవే. క్లబ్బు నినాదం లాటిన్‌లో ఉంటుంది. 'ఆట కోసమే ఆట' అని దానర్థం. తర్వాతి వందేళ్లలో ఆ మూడు మాటలే వాళ్లకు గర్వకారణమూ అయ్యాయి, గుదిబండా అయ్యాయి.

1871లో ఇంగ్లండ్‌లో ఎఫ్ఏ కప్పు మొదలైంది. ప్రపంచంలోనే అతి పాత ఫుట్‌బాల్ టోర్నీ అది. మొదటి ఏడాది పేర్లిచ్చిన 15 జట్లలో స్కాట్లాండ్ నుంచి వెళ్లింది క్వీన్స్ పార్క్ ఒక్కటే. వెండి కప్పు చేయించడానికి తమవంతుగా ఒక గినీ... అంటే పౌను మీద ఓ షిల్లింగు చందా కూడా పంపింది. అప్పటికి క్లబ్బు ఆర్థిక పరిస్థితికి అది చిన్న మొత్తమేం కాదు. దూరాభారం దృష్ట్యా నిర్వాహకులు మినహాయింపులిచ్చారు, ఒక ప్రత్యర్థి తప్పుకొంది. అలా ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే క్వీన్స్ పార్క్ నేరుగా సెమీఫైనల్‌కు చేరిపోయింది!

సెమీఫైనల్ లండన్‌లో. ఆరొందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. రైలు ఛార్జీల కోసం చందాలు పోగేసుకుని వెళ్లారు. 1872 మార్చిలో ఓవల్ మైదానంలో వాండరర్స్ జట్టుతో ఆడారు. లండన్‌లో మేటి జట్టది. మ్యాచ్ గోల్స్ లేకుండా డ్రా అయింది. నిబంధన ప్రకారం మళ్లీ ఆడాలి. అందుకు లండన్‌లో ఉండాలి, లేదా మళ్లీ రావాలి. జేబులు చూసుకుంటే రెంటికీ చాలేట్టు లేదు. చేసేదిలేక పోటీ నుంచి తప్పుకొని ఇంటిముఖం పట్టారు. వాండరర్స్ ఫైనల్‌కు వెళ్లి కప్పు గెలిచింది. ఆ కప్పులో వీళ్లిచ్చిన గినీ కూడా ఉంది మరి!

పదకొండుమందీ వీళ్లే

అదే ఏడాది నవంబరు 30న గ్లాస్గోలోని పార్టిక్‌లో, ఓ క్రికెట్ మైదానంలో స్కాట్లాండ్, ఇంగ్లండ్ తలపడ్డాయి. రికార్డులకెక్కిన మొట్టమొదటి అధికారిక అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచ్ అదే. అప్పటికి స్కాట్లాండ్‌కు ఫుట్‌బాల్ సంఘమంటూ లేదు. మరి జట్టునెవరు ఎంపిక చేయాలి? క్వీన్స్ పార్కే చేసింది. పదకొండుమంది ఆటగాళ్లూ ఆ క్లబ్బువాళ్లే. కెప్టెన్ గార్డ్‌నర్. ఒంటిమీద చొక్కాలు కూడా క్లబ్బువే, ముదురు నీలం రంగువి. స్కాట్లాండ్ జాతీయ జట్టు రంగు ఇప్పటికీ అదే.

చూడ్డానికి నాలుగు వేలమంది వచ్చారు. ఇంగ్లండ్ ఆటగాళ్లు తూకంలో, కండబలంలో స్కాట్లాండ్ వాళ్లకన్నా చాలా మిన్న. వాళ్ల ఆట తీరు కూడా దానికి తగ్గట్టే ఉండేది. బంతి దొరికినవాడు తలవంచుకుని ముందుకు దూసుకుపోవడమే. మిగతావాళ్లు వెనకాల గుంపుగా పరిగెత్తడం, అతడు బంతిని పోగొట్టుకుంటే దాన్నందుకుని మరొకడు దూసుకుపోవడం. మన పల్లెల్లో చిన్నపిల్లలు ఆడుతుంటే చూస్తాం కదా, బంతి ఎక్కడుంటే అక్కడే ఇరవైమందీ... అచ్చం అలాగే. అంత బరువైనవాళ్లను ఢీకొంటే ఎముకలు మిగలవని స్కాట్లాండ్ కుర్రాళ్లకు తెలుసు. అందుకే మనిషిని ఢీకొనకుండా బంతిని ఒకరికొకరు అందించుకుంటూ వెళ్లారు. మ్యాచ్ 0-0తో ముగిసింది. గోల్సే లేని ఆ ఆటతోనే ఫుట్‌బాల్ మారడం మొదలైంది.

ఇప్పుడు చూస్తే పాస్ ఇవ్వడం ఇంత చిన్న విషయమా అనిపిస్తుంది. కానీ తన కాళ్ల దగ్గరున్న బంతిని పక్కవాడికి ఇచ్చేయాలంటే, గోల్ నేనే కొట్టాలన్న ఆశను కాస్త చంపుకోవాలి. తమలో తామే ఏళ్లతరబడి ఆడుకున్నందువల్లే క్వీన్స్ పార్క్ వాళ్లకు అది అబ్బిందనిపిస్తుంది. ఎవడు ఎటు పరిగెడతాడో చూడకుండానే తెలిసేది. తర్వాతి రోజుల్లో ఇంగ్లండ్ క్లబ్బులు స్కాట్లాండ్ ఆటగాళ్లను ఏరికోరి తీసుకెళ్లాయి. వాళ్లకక్కడ 'స్కాచ్ ప్రొఫెసర్లు' అని పేరు! అంటే... ఆట నేర్పే పంతుళ్లన్నమాట.

1873 మార్చిలో క్వీన్స్ పార్క్ చొరవతోనే స్కాటిష్ ఫుట్‌బాల్ సంఘం ఏర్పడింది, స్కాటిష్ కప్పు మొదలైంది. మొదటి మూడుసార్లూ ఆ కప్పు వీళ్లదే. 1893 నాటికి మొత్తం పదిసార్లు గెలిచారు. ఆ ఏడాది ఫైనల్లో ఓడించింది సెల్టిక్ జట్టుని! నలుపు తెలుపు అడ్డచారల చొక్కాలకు మారిందీ 1873లోనే. ఆ చారల వల్లే వీళ్లకు 'స్పైడర్స్' అన్న ముద్దుపేరు వచ్చింది.

ఆ రోజుల క్వీన్స్ పార్క్‌లో ఆండ్రూ వాట్సన్ గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేం. దక్షిణ అమెరికాలోని డెమెరారాలో... అంటే ఇప్పటి గయానాలో 1856లో పుట్టాడు. తండ్రి స్కాట్లాండ్ వర్తకుడు, తల్లి స్థానిక నల్లజాతి స్త్రీ. క్వీన్స్ పార్క్‌కు ఆడాడు, క్లబ్బు కార్యదర్శిగానూ పనిచేశాడు. 1881 మార్చి 12న లండన్‌లో ఇంగ్లండ్‌తో ఆడిన స్కాట్లాండ్ జట్టుకు అతడే కెప్టెన్. స్కోరెంతో తెలుసా? 6-1! సొంతగడ్డ మీద ఇంగ్లండ్‌కు అదో పీడకల. ప్రపంచ ఫుట్‌బాల్‌లో అంతర్జాతీయ మ్యాచ్ ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు అతడేనని ఫుట్‌బాల్ చరిత్రకారులు గుర్తించడానికి మాత్రం వందేళ్లు దాటింది.

డబ్బు తలుపు తట్టింది

1884, 1885... వరసగా రెండేళ్లు క్వీన్స్ పార్క్ ఇంగ్లండ్ ఎఫ్ఏ కప్పు ఫైనల్‌కు వెళ్లింది. రెండుసార్లూ బ్లాక్‌బర్న్ రోవర్స్ చేతిలో ఓడిపోయింది. మిల్లుల ఊరు బ్లాక్‌బర్న్. అక్కడి క్లబ్బులు ఆటగాళ్లకు చాటుమాటుగా డబ్బిస్తున్నాయని అప్పటికే గుసగుసలున్నాయి. 1885 జులైలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఆ దాపరికానికి తెరదించి, జీతాలివ్వడాన్ని చట్టబద్ధం చేసేసింది. స్కాట్లాండ్ మరో ఎనిమిదేళ్లు బిగబట్టుకుని 1893లో ఒప్పుకుంది.

క్వీన్స్ పార్క్ ఒప్పుకోలేదు. 1890లో స్కాటిష్ లీగ్ మొదలైనప్పుడు పిలిచినా వెళ్లలేదు. లీగ్ అంటే ప్రతివారం మ్యాచ్, ప్రతివారం టికెట్ల డబ్బు, ఆ డబ్బు కోసం పోటీ, చివరికి జీతాలు... చిన్న క్లబ్బులు నిలవలేవని వాళ్ల వాదన. అందులో నిజం లేకపోలేదు. ఆ లీగ్‌ను మొదలుపెట్టిన రెంటన్, కౌలేర్స్, అబర్కార్న్ లాంటి జట్లు కాలక్రమంలో మూతబడ్డాయి. క్వీన్స్ పార్క్ మాత్రం పదేళ్లు బయటే ఉండి, తట్టుకోలేక 1900లో లీగ్‌లో చేరింది. జీతాలివ్వమన్న షరతు మాత్రం సడలించుకోలేదు.

ఇక్కడో మాట చెప్పుకోవాలి. 'ఆట కోసమే ఆట' అన్నది వినడానికి బాగుంటుంది. కానీ అందరికీ ఆ వీలుండదు. నెల జీతమున్న గుమాస్తా శనివారం మధ్యాహ్నం ఊరికే ఆడగలడు. బొగ్గుగనిలో, ఓడల కార్ఖానాలో దినకూలీ చేసేవాడికి పూట పని మానితే పూట గంజి పోయినట్టే. అతడి కాళ్లలో అంత విద్య ఉంటే దానికి నాలుగు డబ్బులడగడం తప్పెలా అవుతుంది? అప్పట్లో డబ్బు పుచ్చుకునే ఆటగాళ్లను చిన్నచూపు చూసిన పెద్దమనుషులు ఈ సంగతి పట్టించుకోలేదు. క్వీన్స్ పార్క్ పట్టుదలలో ఆదర్శమూ ఉంది, కాస్త తెల్లచొక్కా దర్జా కూడా ఉంది. అయితే ఒకందుకు మెచ్చుకోవాలి. చాలామంది పైకి ఆదర్శం చెప్పి బల్లకింద నుంచి ఇచ్చేవాళ్లు. వీళ్లు చెప్పిందే చేశారు.

ఆ నియమం ఎంత గట్టిదో బాబ్ మెకాల్ కథ చెబుతుంది. తమ్ముడితో కలిసి మిఠాయి దుకాణం పెట్టడంతో అతణ్ని జనం 'టాఫీ బాబ్' అనేవారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో క్వీన్స్ పార్క్ తరఫున మోతమోగించిన ఫార్వర్డ్. 1901లో జీతానికి న్యూకాజిల్ వెళ్లాడు. ఒకసారి డబ్బు ముట్టినవాడికి మళ్లీ ఈ గుమ్మంలో చోటులేదు. 1907లో ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకున్నాకే తిరిగి ఆ చారల చొక్కా వేసుకోగలిగాడు. అతడి దుకాణం మాత్రం పెద్ద గొలుసు సంస్థగా పెరిగి, బ్రిటన్‌లో వీధివీధినా 'ఆర్.ఎస్. మెకాల్' బోర్డు కనిపించే స్థాయికి వెళ్లింది!

రాజభవనంలో పేదింటివాళ్లు

జీతాలు లేకపోతే ఆదాయం ఎక్కడికి పోయింది? చాలావరకు మట్టిలోకి, ఇటుకల్లోకి. 1873 నుంచీ వీళ్ల మైదానం పేరు హ్యాంప్డెన్ పార్క్. పక్కనున్న వీధి పేరు మీద వచ్చిందది. రైలుమార్గం వేయాలంటే మొదటిది వదులుకున్నారు, రెండోదీ మార్చారు. మూడో హ్యాంప్డెన్‌ను 1903 అక్టోబరు 31న ప్రారంభించారు. 1950లో బ్రెజిల్‌లో మారకానా వచ్చేదాకా ప్రపంచంలో అంత పెద్ద ఫుట్‌బాల్ స్టేడియం మరోటి లేదు. 1937లో స్కాట్లాండ్, ఇంగ్లండ్ మ్యాచ్‌కు వచ్చినవాళ్లు అక్షరాలా 1,49,415 మంది. 1960లో రియల్ మాడ్రిడ్ 7-3 గోల్స్‌తో ఫ్రాంక్‌ఫర్ట్‌ను చిత్తుచేసిన యూరోపియన్ కప్పు ఫైనల్ జరిగిందీ ఇక్కడే. ఇన్ని జరిగిన ఆ స్టేడియానికి యజమాని, ఆటగాళ్లకు పైసా ఇవ్వని ఓ క్లబ్బు!

జాతీయ జట్టు మ్యాచ్‌లు, కప్పు ఫైనల్స్ ద్వారా వచ్చే రాబడే క్లబ్బును పోషించింది. కానీ మైదానంలో పరిస్థితి ఏటేటా దిగజారింది. 1958లో పైస్థాయి లీగ్ నుంచి జారిపోయాక మళ్లీ అక్కడికి చేరలేదు. తర్వాత్తర్వాత అట్టడుగు శ్రేణిలోనే ఎక్కువకాలం గడిపారు. యాభైవేల పైచిలుకు సీట్లున్న స్టేడియంలో కొన్ని వందలమంది ప్రేక్షకులు! గోల్‌కీపర్ కేకేస్తే ఖాళీ స్టాండ్లు మారుపలికేవి.

అయినా కుర్రాళ్లు వస్తూనే ఉన్నారు. పగలు పని, సాయంత్రం సాధన. రోనీ సింప్సన్ పద్నాలుగేళ్లకే ఇక్కడ గోల్‌కీపర్‌గా దిగాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌కు ఆడాడు. మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఫ్రాన్స్‌తో తలపడి 2-1తో ఓడిన ఒలింపిక్స్ అవే. అదే సింప్సన్ 36 ఏళ్ల వయసులో, 1967లో సెల్టిక్ తరఫున యూరోపియన్ కప్పు అందుకున్నాడు. ఇంకో కుర్రాడు పగలు పనిముట్ల ఫ్యాక్టరీలో అప్రెంటిస్. 1958లో పదహారేళ్ల వయసులో క్వీన్స్ పార్క్ మొదటి జట్టులోకి వచ్చి, రెండేళ్లుండి వెళ్లిపోయాడు. అతడి పేరు అలెక్స్ ఫెర్గూసన్. అవును, మాంచెస్టర్ యునైటెడ్‌ను పాతికేళ్లపైన ఏలిన ఆ ఫెర్గూసనే! వీళ్లలో ఎవరు వెళ్లినా ఆపే దారి లేదు. జీతం ఇవ్వనివాడికి ఆటగాణ్ని కట్టిపడేసే ఒప్పందమెక్కడిది?

ఆ నొప్పి అందరికీ తెలిసేలా చేసింది మాత్రం ఆండీ రాబర్ట్‌సన్. పొట్టిగా ఉన్నాడని సెల్టిక్ అకాడమీ పదిహేనేళ్లకే ఇంటికి పంపేసింది. క్వీన్స్ పార్క్ చేరదీసింది. 2012లో మొదటి జట్టుకు ఆడుతున్నాడుగానీ జీతం లేదుకదా! అదే హ్యాంప్డెన్‌లో ఫోన్లో టికెట్ల ఆర్డర్లు తీసుకునే పనికి కుదిరాడు. చేతిలో డబ్బుల్లేక ఈ వయసులో బతుకు చెత్తగా ఉందని, ఏదో ఒక ఉద్యోగం కావాలని ఆ ఆగస్టులో ట్విటర్లో రాసుకున్నాడు. ఏడాది తిరక్కుండా డండీ యునైటెడ్ అతణ్ని ఉచితంగా తీసుకెళ్లింది. ఆ మరుసటేడే హల్ సిటీకి దాదాపు 28 లక్షల పౌండ్లకు అమ్మింది. 2017లో లివర్‌పూల్‌కు చేరాడు. 2018లో స్కాట్లాండ్ కెప్టెన్. 2019లో ఛాంపియన్స్ లీగ్ కప్పు. టికెట్లు అమ్మిన స్టేడియంలోనే దేశానికి సారథ్యం వహించాడు. పెంచిన చెట్టుకు పండ్లు పక్కింటివాళ్లు కోసుకుంటుంటే ఎన్నాళ్లని చూస్తూ కూర్చోవడం?

మళ్లీ ఓటింగ్

2018లో స్కాటిష్ ఫుట్‌బాల్ సంఘం జాతీయ జట్టు మ్యాచ్‌లను ఎడిన్‌బరోలోని రగ్బీ మైదానానికి తరలించాలా వద్దా అని తర్జనభర్జన పడింది. చివరికి హ్యాంప్డెన్‌నే 50 లక్షల పౌండ్లకు కొనుక్కోవడానికి ఒప్పందం చేసుకుంది. తాతలనాటి ఇల్లు అమ్మడం ఎవరికైనా కష్టమే. అద్దె ఇచ్చేవాడు వెళ్లిపోతే ఆ ఇంటిని నిలబెట్టడం ఇంకా కష్టం. అమ్మేశారు.

మిగిలింది ఆ మూడు మాటలే. 2019 నవంబరులో సభ్యులు సమావేశమయ్యారు. జీతాలివ్వకూడదన్న నియమం మార్చాలంటే నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకోవాలి. 91 శాతం మంది సరేనన్నారు. 1867లో ఒక్క ఓటు తేడాతో పేరు నిలిచిన క్లబ్బులో, 152 ఏళ్లనాటి నియమం ఇంత పెద్ద మెజారిటీతో పోయింది. దీన్ని ద్రోహమనడానికి నాకు మనసొప్పదు. రాబర్ట్‌సన్ లాంటి కుర్రాడు ఆకలి గురించి రాసుకున్నప్పుడే ఆ నియమానికి కాలం చెల్లింది. దాన్ని గౌరవంగా సాగనంపింది ఓటింగే.

ఆ తర్వాత జట్టు చకచకా ఎక్కింది. 2021లో నాలుగో శ్రేణి విజేత. 2022లో రెండో శ్రేణికి ప్రమోషన్. 2023 మేలో లీగ్ ఆఖరి మ్యాచ్ గెలిస్తే 65 ఏళ్ల తర్వాత పైస్థాయికి వెళ్లేవారే. డండీతో జరిగిన ఆ పోరులో 5-3తో ఓడారు. ప్లేఆఫ్‌లోనూ అదృష్టం కలిసిరాలేదు.

2025 ఫిబ్రవరి 9న స్కాటిష్ కప్పులో రేంజర్స్‌తో మ్యాచ్ పడింది. అదీ రేంజర్స్ సొంతగడ్డ ఐబ్రాక్స్‌లో. వాళ్ల మీద క్వీన్స్ పార్క్ గెలిచి అప్పటికి 77 ఏళ్లు. రెండో సగంలో సెబ్ డ్రోజ్డ్ గోల్ కొట్టాడు. 1-0. స్టాండ్లలో ఓ మూల నలుపు తెలుపు చారలవాళ్లు, మిగతా అంతా నిశ్శబ్దం. ఇంజురీ టైమ్ ఏడో నిమిషంలో రేంజర్స్‌కు పెనాల్టీ దక్కింది. కొట్టబోయేది వాళ్ల కెప్టెన్ జేమ్స్ టావర్నియర్. పెనాల్టీల్లో చేయితిరిగినవాడు. ఎదురుగా గోల్‌కీపర్ కాలమ్ ఫెర్రీ.

బంతిని ఫెర్రీ ఆపేశాడు.